బిల్లు బుక్కు నుంచి ప్రాజెక్టు రిపోర్టు దాకా: వ్యాపార కాగితాలకు సరైన జీఎస్‌ఎమ్ ఎంచుకోవడం ఎలా

శ్రీకాకుళంలో ఏ ప్రింటింగ్ ప్రెస్సుకి వెళ్ళి "లెటర్‌హెడ్లు కొట్టించాలండీ" అన్నా, వెంటనే వచ్చే ప్రశ్న "ఎంత జీఎస్‌ఎమ్ వెయ్యమంటారు?" జీఎస్‌ఎమ్ అంటే కాగితం బరువుకి కొలత. చాలామంది అక్కడ ఆగిపోయి "ఏదైనా మంచిది వెయ్యండి" అనేస్తారు. ఆ మాటతో ప్రెస్ వాళ్ళకి తెలిసేది ఏమీ లేదు. వాళ్ళ దగ్గర ఆ రోజు ఏ స్టాకు ఉంటే అది పడుతుంది. నెల తర్వాత బ్యాంకు మేనేజరు ముందు పెట్టిన కాగితంలో వెనక పేజీ అక్షరాలు ముందుకి కనిపిస్తుంటే అప్పుడు బాధపడతాం.

కాగితం బరువు ఎంచుకోవడం కష్టమైన విద్య కాదు. కాకపోతే ఒక వరుసలో ఆలోచించాలి. ముందు ఆ కాగితం ఏం పని చెయ్యాలో తేల్చుకోవాలి, తర్వాత మీ ప్రింటరు ఏం మొయ్యగలదో చూసుకోవాలి, ఆ తర్వాతే జీఎస్‌ఎమ్ అంకె దగ్గరికి రావాలి. పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసేవారికీ, రాజాంలో బట్టల కొట్టు ఉన్నవారికీ, శ్రీకాకుళంలో కొత్తగా ఆఫీసు తెరిచినవారికీ ఈ వరుస పనికొస్తుంది.

మొదటి మెట్టు: కాగితాన్ని మూడు ప్రశ్నలు అడగండి

ఇది ఎన్నాళ్ళు ఉండాలి? ఎన్ని చేతులు మారుతుంది? దీని మీద ప్రింటు కాక ఇంకేం పడుతుంది?

కొటేషన్ వారం పది రోజులు బతికితే చాలు. జీఎస్టీ ఇన్వాయిస్ సంగతి వేరు. జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కల కాగితాలు ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి. అంటే ఆరేళ్ళ పైమాటే. భాగస్వామ్య ఒప్పందం అయితే వ్యాపారం ఉన్నంతకాలం ఉండాలి. రేట్ల పట్టిక రోజుకి ఇరవై మంది చేతుల్లో నలుగుతుంది. ఆడిట్ రిపోర్టు ఫైల్లో కదలకుండా పడి ఉంటుంది. ఒప్పందం మీద సంతకాలు, వేలిముద్రలు, రబ్బరు స్టాంపులు పడతాయి. బ్రోచరు మీద అవేవీ పడవు.

ఈ మూడింటికి జవాబులు ఒక కాగితం మీద రాసుకుంటే సగం ఎంపిక అయిపోయినట్టే. నా అభిప్రాయంలో, డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా ఈ మెట్టు దాటేసినప్పుడే. రోజువారీ డెలివరీ చలానాకి 100 జీఎస్‌ఎమ్ బాండ్ పేపరు (లెటర్‌హెడ్లకి వాడే గట్టి కాగితం, స్టాంపు పేపరు కాదు), పదేళ్ళు ఉండాల్సిన ఒప్పందానికి పల్చటి జిరాక్స్ కాగితం వాడేవాళ్ళు చాలామంది ఉన్నారు.

రెండో మెట్టు: జీఎస్‌ఎమ్ ఏం చెబుతుందో తెలుసుకోండి

ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో అదే జీఎస్‌ఎమ్. ఏ0 సైజు షీటు వైశాల్యం ఒక చదరపు మీటరు. దాన్ని సగానికి సగం చొప్పున నాలుగుసార్లు కోస్తే ఏ4 వస్తుంది, అంటే ఏ4 దానిలో పదహారో వంతు. కాబట్టి 80 జీఎస్‌ఎమ్ ఏ4 కాగితం ఒక్కొక్కటి 5 గ్రాములు తూగుతుంది, 500 షీట్ల రిమ్ము రెండున్నర కిలోలు ఉంటుంది. 75 జీఎస్‌ఎమ్ రిమ్ము 2 కిలోల 340 గ్రాములు, 70 జీఎస్‌ఎమ్ అయితే 2 కిలోల 180 గ్రాముల దగ్గర ఉంటుంది.

ఈ లెక్క చేతిలో ఉంటే దుకాణంలో మోసపోయే పని లేదు. పది ఏ4 కాగితాలు తీసుకుని బంగారం కొట్లో వాడేలాంటి చిన్న డిజిటల్ కాటా మీద పెట్టండి. వచ్చిన గ్రాముల్ని 1.6తో గుణిస్తే జీఎస్‌ఎమ్ వస్తుంది. 50 గ్రాములు వస్తే 80, 47 గ్రాములు వస్తే 75. ఒకటి రెండు జీఎస్‌ఎమ్‌ల తేడా మామూలే. వానాకాలంలో కాగితం తేమ పీల్చుకుని కాస్త బరువెక్కుతుంది కూడా. ప్యాకెట్ మీద 75 అని ఉండి తూకంలో 68 వస్తే మాత్రం ఆ రకం మళ్ళీ కొనకండి. షీట్ల సంఖ్య కూడా చదవండి. అన్ని ప్యాకెట్లలోనూ 500 ఉంటాయనుకోవద్దు.

ఇక జీఎస్‌ఎమ్ చెప్పనివి. అది మందం చెప్పదు, తెలుపు చెప్పదు, వెనక అక్షరాలు కనిపిస్తాయో లేదో చెప్పదు. కిలో అటుకులు, కిలో బియ్యం తూకంలో ఒకటే అయినా సంచిలో పట్టే చోటు వేరు కదా, కాగితమూ అంతే. మాప్లిథో (ప్రెస్సుల్లో వాడే, పైపూత లేని మామూలు కాగితం), జిరాక్స్ కాగితాలు గుల్లగా ఉంటాయి. ఆర్ట్ పేపరు పైపూత పూసి, రోలర్ల మధ్య బాగా నొక్కి తయారుచేసింది. అందుకే 130 జీఎస్‌ఎమ్ గ్లాసీ ఆర్ట్ పేపరూ 80 జీఎస్‌ఎమ్ జిరాక్స్ కాగితమూ మందంలో దాదాపు ఒకేలా, మిల్లీమీటరులో పదో వంతు దగ్గర ఉంటాయి. "130 వేయించాను, అయినా పల్చగా ఉందేమిటి" అని ప్రెస్ వాళ్ళతో గొడవపడేవారికి జవాబు ఇదే. గట్టిదనం కావాలంటే అంకెతో పాటు కాగితం రకం కూడా చెప్పాలి.

రెండు వైపులా ప్రింటు తీసేవాళ్ళు చూడాల్సింది కాగితం ఎంత కప్పేస్తుందన్నది. ఒక షీటు మీద నల్లటి పెద్ద అక్షరాలు ప్రింటు తీసి, దాని మీద ఖాళీ షీటు పెట్టి కిటికీ వెలుగులో చూడండి. కింది అక్షరాలు చదవగలిగేలా కనిపిస్తే ఆ కాగితం రెండు వైపుల ప్రింటుకి పనికిరాదు. దాని మీద ఏ అంకె రాసి ఉన్నా సరే.

మన జిల్లా వాళ్ళకి కాగితం మరీ దూరపు వస్తువేమీ కాదు. విజయనగరం నుంచి రాయ్‌పూర్ వెళ్ళే రైలు మార్గంలో ఉన్న రాయగడ దగ్గర జేకేపూర్‌లో జేకే పేపర్ మిల్లు ఉంది. రాజమండ్రిలో ఆంధ్రా పేపర్ మిల్లు ఉంది. మన వైపు రైతులు వేసే సరుగుడు, నీలగిరి తోటల కర్ర ఇలాంటి కాగితం మిల్లులకే వెళుతుంది. మిల్లు దగ్గర కాగితం లెక్క బరువు మీదే. కాబట్టి 75 నుంచి 100కి వెళితే అదే సంఖ్య షీట్లకి మూడో వంతు ఎక్కువ కాగితం కొంటున్నట్టు. నెలకి రెండు రిమ్ములు వాడే ఆఫీసుకి అది పట్టదు. నలభై రిమ్ములు వాడే చోట బాగా పడుతుంది.

అమెరికా కొనుగోలుదారుతో ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపేవారికి ఒక మాట. అక్కడ కాగితాన్ని పౌండ్లలో చెబుతారు. వాళ్ళు 20 పౌండ్ల బాండ్ అంటే మన 75 జీఎస్‌ఎమ్, 24 పౌండ్లంటే 90. వాళ్ళ లెటర్ సైజు కూడా ఏ4 కన్నా కాస్త వెడల్పు, కాస్త పొట్టి. పీడీఎఫ్ పంపేటప్పుడు కింద రెండు వరుసలు తెగిపోకుండా మార్జిన్లు వదలండి.

మూడో మెట్టు: మీ ప్రింటరు ఏం మొయ్యగలదో చూడండి

కాగితం కొనకముందే ప్రింటరు మాన్యువల్‌లో పేపర్ వెయిట్ అన్న చోట చూడండి. చిన్న లేజర్ ప్రింటర్లు చాలావరకు 60 నుంచి 160 జీఎస్‌ఎమ్ దాకా తీసుకుంటాయి. అదీ మాన్యువల్ ఫీడ్‌లో, ఒక్కొక్క షీటు పెడితేనే. రెండు వైపులా తనంతట తానే ప్రింటు తీసే సౌకర్యం ఉంటే దాని హద్దు ఇంకా తక్కువగా ఉంటుంది, 105 దగ్గర ఆగిపోయేవి చాలా ఉన్నాయి. హద్దు దాటిన కార్డు పెడితే రోలర్లు అరుగుతాయి, కాగితం లోపల ఇరుక్కుంటుంది. విజిటింగ్ కార్డులు ఇంట్లో లేజర్ ప్రింటరు మీద తీద్దామన్న ఆలోచన వదిలేయండి.

ప్రింట్ సెట్టింగుల్లో పేపర్ టైప్ అని ఒకటి ఉంటుంది, చాలామంది దాన్ని ముట్టుకోరు. లేజర్ ప్రింటరులో టోనర్ పొడిని దాదాపు 200 డిగ్రీల వేడితో కరిగించి కాగితానికి అంటిస్తారు. 120 జీఎస్‌ఎమ్ కాగితం పెట్టి సెట్టింగు ప్లెయిన్ అనే ఉంచితే, మందపు కాగితానికి ఆ వేడి చాలదు. గోటితో గీకితే అక్షరాలు రాలిపోతాయి. థిక్ లేదా హెవీ అని మార్చండి. ప్రింటరు నెమ్మదిస్తుంది కానీ అక్షరం నిలుస్తుంది. బ్యాంకుకి ఇచ్చే కాగితాల మీద అంకెలు రాలిపోవడం ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా?

ఇంకు ట్యాంకు ప్రింటరు వాడేవారికి సమస్య వేరు. ద్రవపు ఇంకు కాగితంలోకి ఇంకుతుంది. పల్చటి, నాసిరకం కాగితం మీద అక్షరం చుట్టూ పాకుతుంది. ఇంగ్లీషు కన్నా మన తెలుగుకి దీనివల్ల ఎక్కువ నష్టం. మన అక్షరాలు గుండ్రం, లోపల సందులు చిన్నవి, కింద ఒత్తులు ఉంటాయి. థ లోపలి చుక్క పూడిపోతుంది, వరసగా ఒత్తులున్న మాట నల్లటి మరకలా అవుతుంది. తెలుగులో నోటీసులు, ఒప్పందాలు, రైతులకిచ్చే రసీదులు ఇంకు ట్యాంకు మీద తీసేవారు 80కి తగ్గకండి. అక్షరాల సైజు 12కి తగ్గించకండి. కొనేముందు ఒకటి రెండు రకాల మీద మీ సొంత తెలుగు పేజీ తీయించి చూడండి. ఇంగ్లీషు శాంపిల్ చూసి నిర్ణయించకండి.

నాలుగో మెట్టు: ఏ కాగితానికి ఎంత

రోజువారీ ప్రింట్లకి 75 జీఎస్‌ఎమ్ చాలు. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. సుప్రీంకోర్టే 2020 మార్చిలో ఇచ్చిన సర్క్యులర్‌లో పిటిషన్లకి ఏ4 సైజులో 75 జీఎస్‌ఎమ్‌కి తగ్గని కాగితం, రెండు వైపులా ప్రింటు అని చెప్పింది. ఆఫీసు లోపల తిరిగే డ్రాఫ్టులు, స్టాకు లిస్టులకి 70 కూడా నడుస్తుంది, ఒక వైపే ప్రింటు తీసేటట్టయితే. 70 కన్నా కిందికి వెళ్ళడం నాకు నచ్చదు. కాగితంలో ఆదా చేసిన డబ్బు ఇరుక్కుపోయిన షీట్లలోనూ, పోయిన సమయంలోనూ పోతుంది.

లెటర్‌హెడ్‌కి 90 నుంచి 100 జీఎస్‌ఎమ్ బాండ్ పేపరు సరైన చోటు. చేతిలో పట్టుకోగానే నిలబడుతుంది, మూడుగా మడిస్తే మడత శుభ్రంగా వస్తుంది, పెన్నుతో సంతకం చేస్తే ఇంకు పాకదు. అడిగి తెలుసుకోవాల్సినవి రెండున్నాయి. ఒకటి, ఆ లెటర్‌హెడ్ మీద మీరు తర్వాత లేజర్ ప్రింటు తీస్తారా? తీస్తే ప్రెస్ వాళ్ళకి ముందే చెప్పండి. ఉబ్బెత్తుగా వచ్చే ప్రింటు, బంగారు రంగు ఫాయిలు లేజర్ వేడికి కరిగి రోలరుకి అంటుకునే ప్రమాదం ఉంది. ఆఫ్‌సెట్ ఇంకు అయినా పూర్తిగా ఆరిన తర్వాతే వాడాలి. రెండు, గరుకు నేత ఉన్న కాగితం చూడ్డానికి ఎంత దర్జాగా ఉన్నా, లేజర్ టోనరు ఆ పల్లాల్లోకి సరిగా దిగదు. అక్షరాలు చిల్లులు పడ్డట్టు వస్తాయి.

పోస్టు ఖర్చు కూడా ఇక్కడే ఆలోచించండి. స్పీడ్ పోస్టులో మొదటి స్లాబు 50 గ్రాముల దాకా. 100 జీఎస్‌ఎమ్ ఏ4 షీట్లు ఎనిమిది అంటేనే 50 గ్రాములు, కవరు కలిస్తే తర్వాతి స్లాబులో పడతారు. అవే ఎనిమిది పేజీలు 75 మీద తీస్తే 37 గ్రాములు, కవరుతో కలిపినా మొదటి స్లాబులోనే ఉంటాయి. నెలకి వందల కొద్దీ నోటీసులు, స్టేట్‌మెంట్లు పంపే చిట్‌ఫండ్ ఆఫీసులకీ సొసైటీలకీ ఈ తేడా చిన్నది కాదు. మొదటి పేజీ మాత్రం లెటర్‌హెడ్ మీద తీసి, జతపరిచే పేజీలు 75 మీద తీయడం నేను ఎప్పుడూ చెప్పే పద్ధతి.

బిల్లు బుక్కుల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్ళలో ప్రెస్సులకి వచ్చే పనిలో పెద్ద వాటా వీటిదే. జీఎస్టీ నిబంధనల ప్రకారం సరుకు అమ్మితే ఇన్వాయిస్ మూడు ప్రతులుండాలి. అసలు కొన్నవారికి, రెండోది రవాణా చేసేవారికి, మూడోది అమ్మినవారికి. సేవలకైతే రెండు ప్రతులు చాలు. ఈ మూడు ప్రతులకి రెండు దారులున్నాయి. మాప్లిథో కాగితం వేసి మధ్యలో కార్బన్ పెట్టుకోవడం ఒకటి, కార్బన్ అక్కర్లేని ఎన్‌సీఆర్ కాగితం వేయించడం రెండోది.

మాప్లిథో అయితే పై కాగితం 60 లేదా 70 వేయించండి. ఇక్కడ బరువు ఎక్కువైతే మేలు లేదు, నష్టమే. మందపు కాగితం మీద రాస్తే పెన్ను ఒత్తిడి మూడో ప్రతికి చేరదు. దాచుకోవాల్సింది మీ ప్రతినే, మసకగా వచ్చేదీ అదే అవుతుంది. ఎన్‌సీఆర్ కాగితాలు ఇందుకే పల్చగా, 50 నుంచి 60 జీఎస్‌ఎమ్ మధ్య ఉంటాయి. పై కాగితం వెనక ఉండే సన్నటి పూతలోని రంగు పెన్ను ఒత్తిడికి పగిలి కింది కాగితం పూతతో కలిసి అక్షరం అవుతుంది. కాబట్టి జెల్ పెన్ను వద్దు, బాల్ పెన్నుతో నొక్కి రాయాలి. ఒక సెట్టుకీ తర్వాతి సెట్టుకీ మధ్య అట్ట పెట్టడం మరిచిపోతే కింద బిల్లు మీద కూడా పడిపోతుంది. ప్రెస్ వాళ్ళని ఆ అట్ట బుక్కుకే కుట్టి ఇమ్మనండి. చేపల వ్యాపారం, ఐసు ఫ్యాక్టరీల్లాంటి తడి చోట్ల ఎన్‌సీఆర్ కన్నా మాప్లిథో, కార్బనే మొండిగా నిలుస్తాయి.

కాటా చీటీలు, సూపర్ మార్కెట్ బిల్లులు, కార్డు మెషీన్ రసీదులు వచ్చేది థర్మల్ కాగితం మీద. అది సాధారణంగా 48 నుంచి 58 జీఎస్‌ఎమ్ ఉంటుంది. దాని మీద ఇంకు ఉండదు, వేడికి పూత నల్లబడి అక్షరమవుతుంది. అందుకే ఎండ తగిలినా, ప్లాస్టిక్ కవర్లో పెట్టినా, సెల్లోటేపు అంటించినా, నూనె చేత్తో పట్టుకున్నా మాసిపోతుంది. బరువు పెంచితే ఈ జబ్బు నయం కాదు. ధాన్యం మిల్లుకి తోలిన రైతు దగ్గరున్న కాటా చీటీ మూడు నెలలకి తెల్ల కాగితమైపోతే, డబ్బు అడగడానికి చేతిలో ఏముంటుంది? మిల్లు యజమానులు అదే చీటీ మామూలు కాగితం మీద ఇవ్వాలి. ఇవ్వకపోతే తీసుకున్నవాళ్ళు ఆ రోజే జిరాక్స్ తీయించుకోవాలి. లెక్కలకి పనికొచ్చే థర్మల్ బిల్లు దేన్నైనా ఇలాగే ఆ రోజే 75 జీఎస్‌ఎమ్ ఏ4 మీదికి ఎక్కించి, ప్రతికి అసలుని జతచేసి దాచండి.

ఒప్పందాలు, భాగస్వామ్య పత్రాలు, లీజు కాగితాల్లో స్టాంపు పేపరు తర్వాత వచ్చే పేజీలకి 85 నుంచి 100 జీఎస్‌ఎమ్ బాండ్ పేపరు వాడండి. వేలిముద్ర, రబ్బరు స్టాంపు ఇంకు వెనక్కి దిగకుండా ఉంటుంది, పదిసార్లు జిరాక్స్ మిషనులోకి వెళ్ళినా అంచులు చిరగవు. పైపూత ఉన్న ఏ కాగితం మీదా ఒప్పందం తీయకండి. ఆర్ట్ పేపరు మీద స్టాంపు ఇంకు ఆరదు, చెయ్యి తగిలితే చెదిరిపోతుంది. ఇదే మాట వారంటీ కార్డులకి, రసీదులకి, సంతకం పడే ప్రతి కాగితానికీ వర్తిస్తుంది. ఇంకు ట్యాంకు మీద ఇలాంటివి తీయాల్సివస్తే, దాని నల్ల ఇంకు పిగ్మెంట్ రకమో కాదో చూసుకోండి. డై రకపు ఇంకు నీళ్ళు తగిలితే పారిపోతుంది, లేజర్ టోనరు పారిపోదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన జిల్లా ఇది. బీరువా కాగితాలు తడిసే రోజు ఎప్పుడైనా రావచ్చు. ఆస్తికి, అప్పుకి సంబంధించినవన్నీ లేజర్ మీదే తీయించండి.

బ్యాంకు రుణానికో, జిల్లా పరిశ్రమల కేంద్రానికో ఇచ్చే ప్రాజెక్టు రిపోర్టుకి లోపలి పేజీలు 80, రెండు వైపులా ప్రింటు తీస్తే 90. రంగు చార్టులు, యంత్రాల ఫొటోలు ఉన్న పేజీలు మాత్రం 100 నుంచి 120 మీద తీయండి. 75 మీద నిండుగా రంగు పడితే కాగితం అలల్లా ముడుచుకుంటుంది. వెనక అట్ట 250 నుంచి 300, ముందు పారదర్శక షీటు, స్పైరల్ బైండింగ్. యాభై పేజీలు దాటిన రిపోర్టుని మొత్తం 120 మీద తీసి బరువుతో మెప్పిద్దామనుకోవద్దు. అధికారి ఫైల్లో అది సరిగా తెరుచుకోదు, స్కానరు ఫీడరులో ఇరుక్కుంటుంది. ఇప్పుడు ఏ కాగితమైనా చివరికి స్కాన్ అయ్యేదే కాబట్టి ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి.

విజిటింగ్ కార్డుకి 300 నుంచి 350 జీఎస్‌ఎమ్ ఆర్ట్ కార్డు. 250 జేబులో రెండు రోజులకే వంగిపోతుంది. మన వ్యాపారుల అలవాటు ఒకటుంది, కార్డు వెనక రేటో ఫోన్ నంబరో రాసి ఇస్తారు. మంచి అలవాటే, ఆ కార్డుని అవతలివాళ్ళు పారేయరు. అందుకని రెండు వైపులా గ్లాసీ లామినేషన్ వద్దు, పెన్ను పట్టదు. ముందు వైపు మ్యాట్ లామినేషన్ చేయించి వెనక వైపు వదిలేయండి.

పాంప్లెట్లు పంచి వదిలేసేవైతే 70 నుంచి 90 చాలు. బ్రోచరుకి 130 నుంచి 170 ఆర్ట్ పేపరు. 170 దాటితే మడత దగ్గర పూత పగిలి తెల్ల గీత పడుతుంది కాబట్టి మడతకి ముందు క్రీజింగ్ (మడత వచ్చే చోట ముందే గీతలా నొక్కడం) చేయించాలి. పొందూరు ఖద్దరు లాంటి నేత బట్టల కేటలాగుకి నేను మెరిసే కాగితం వెయ్యను. పైపూత లేని 100 నుంచి 120 కాగితం మీద నేత గరుకుదనం కంటికి నిజంగా ఆనుతుంది. సర్టిఫికెట్లకి 200 నుంచి 250 సరిపోతుంది, పేర్లు తర్వాత లేజర్ మీద వేసే పనైతే ప్రింటరు హద్దు చూసుకుని దిగండి. కవర్లకి 80 నుంచి 100 మాప్లిథో, బరువైన ఫైళ్ళు పంపడానికి లోపల గుడ్డ అంటించిన కవర్లు.

ఐదో మెట్టు: ఆర్డరు ఇచ్చేటప్పుడు

ఏడు రోడ్ల కూడలి చుట్టుపక్కల ప్రెస్సుకైనా, విశాఖలో పెద్ద ప్రెస్సుకైనా నోటి మాటతో ఆర్డరు ఇవ్వకండి. ఆర్డరు కాగితం మీద నాలుగు సంగతులు ఉండాలి: కాగితం రకం, జీఎస్‌ఎమ్, రంగు ఛాయ, దాని మీద తర్వాత ఏ ప్రింటరు వాడతారు. "లెటర్‌హెడ్ 1000" అని రాస్తే దేనికైనా దారి ఉంది. "బాండ్ పేపర్, 100 జీఎస్‌ఎమ్, తెలుపు, లేజర్ ప్రింటుకి" అని రాస్తే తేడా వచ్చినప్పుడు అడిగే హక్కు మీకుంటుంది.

ప్రింటు వేయకముందు ఆ కాగితం ఖాళీ షీట్లు రెండు అడిగి తీసుకోండి. ఒకదాని మీద మీ ప్రింటరులో పేజీ తీయండి, మీ పెన్నుతో సంతకం చేయండి, మీ రబ్బరు స్టాంపు వేసి అర నిమిషం తర్వాత వేలితో రుద్దండి. రెండోదాన్ని మూడుగా మడవండి. శాంపిల్ పుస్తకంలో చిన్న ముక్కని వేళ్ళతో నలిపి చూడటం సరిపోదు. చిన్న ముక్క ఎప్పుడూ ఉన్నదానికన్నా గట్టిగా అనిపిస్తుంది.

కాగితానికి పీచు వరస ఉంటుంది. ఆ వరస వెంబడి మడత శుభ్రంగా వస్తుంది, అడ్డంగా మడిస్తే గరుకుగా విరుగుతుంది. తెలుసుకోవడం తేలిక. కాగితాన్ని రెండు దిక్కులా చింపి చూస్తే ఒక దిక్కున తిన్నగా, రెండో దిక్కున వంకరగా చిరుగుతుంది. తిన్నగా చిరిగేదే పీచు వరస. బ్రోచర్లు, మడత కార్డులు, ఫోల్డర్ల దగ్గర పీచు మడతకి సమాంతరంగా ఉండేలా కటింగ్ చేయమని చెప్పండి. మాప్లిథో లెటర్‌హెడ్లకి ఇంత పట్టింపు అక్కర్లేదు.

బేరం దగ్గర ఒక సూచన. రేటు తగ్గించమని అడిగితే ప్రెస్ వాళ్ళు తగ్గించగలిగేది కాగితంలోనే. ప్లేటు ఖర్చు, మిషను ఖర్చు, కూలి ఎక్కడికీ పోవు. కాబట్టి "ఇంకో వంద తగ్గించండి" అనేకన్నా "100 బదులు 90 వేస్తే ఎంత?" అని అడగండి. ఏం తగ్గుతోందో తెలిసి తగ్గించుకున్నట్టవుతుంది.

ఆరో మెట్టు: మన గాలిలో కాగితాన్ని కాపాడుకోవడం

సముద్రం పక్కన ఉన్న జిల్లా మనది. కళింగపట్నం, భావనపాడు వైపు గాలిలో తేమ ఏడాది పొడవునా ఉంటుంది. జూలై నుంచి నవంబరు దాకా శ్రీకాకుళం పట్టణంలోనూ తక్కువేం కాదు. కాగితానికి గాలిలో తేమ సగం, అంటే 50 శాతం దగ్గర ఉంటే హాయి. మనకి వానాకాలంలో 80 దాటడం మామూలు. తేమ పట్టిన కాగితం అంచులు అలల్లా లేస్తాయి. లేజర్ వేడికి ఒక వైపు తేమ ఆవిరై కాగితం చుట్టుకుంటుంది, రెండు మూడు షీట్లు కలిసి లోపలికి పోతాయి. "75 జీఎస్‌ఎమ్ ఇరుక్కుంటోంది, 80కి మారదాం" అని చాలామంది అనుకునేది ఈ కాలంలోనే. నిజానికి మార్చాల్సింది నిల్వ పద్ధతిని.

రిమ్ము మీద ఉండే కవరు లోపలి పూత తేమని ఆపడానికే ఉంది. వాడే ముందు వరకు విప్పకండి. విప్పిన రిమ్ములో మిగిలింది మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. వానాకాలం రాత్రి ఆఫీసు మూసేటప్పుడు ట్రేలో వంద షీట్లు వదిలేయకుండా తీసి డబ్బాలో వేయండి. రిమ్ములు నేల మీద కాకుండా చెక్క బల్ల మీద, గోడకి జానెడు దూరంలో పెట్టండి. ఏసీ గదిలోంచి బయటికి, బయట నుంచి ఏసీ గదిలోకి తెచ్చిన కాగితాన్ని కవరు విప్పకుండా కొన్ని గంటలు ఆ గది వేడికి అలవాటు పడనివ్వండి. ట్రేలో పెట్టే ముందు కట్టని రెండు చేతులతో విసనకర్రలా విప్పి గాలాడించండి.

కొనడం కూడా కాలాన్ని బట్టే. ఏడాది సరుకంతా ఒకేసారి చౌకగా వస్తుందని జూన్‌లో కొని గోడౌన్‌లో పెడితే దసరాకల్లా సగం పాడవుతుంది. వానాకాలంలో నెలకి సరిపడా కొనుక్కుని, సంక్రాంతి తర్వాత పొడి కాలంలో మార్చి లెక్కల పనికి కావలసినంత ఒకేసారి తెచ్చుకోండి.

మంచి లెటర్‌హెడ్ ఒకసారి కుదిరాక, ప్రెస్ వాళ్ళు ఇచ్చిన కట్టలోంచి ఒక ఖాళీ షీటు తీసి దాని వెనక పెన్సిలుతో కాగితం రకం, జీఎస్‌ఎమ్, కొన్న నెల, మీ ప్రింటరులో పెట్టిన పేపర్ టైప్ సెట్టింగు రాసి ఫైల్లో పెట్టండి. తర్వాతి ఆర్డరుకి ఆ షీటే తీసుకెళ్ళి చూపించండి.